తోక రోటర్ ఆగిన తొలి రెండు సెకన్లు

2018 అక్టోబరు 27, శనివారం రాత్రి. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో ఫుట్‌బాల్ మ్యాచి అయిపోయి జనం ఇళ్ళకు మళ్ళారు. కింగ్ పవర్ స్టేడియం గడ్డి మీద నుంచి ఏడబ్ల్యూ169 రకం హెలికాప్టర్ ఒకటి గాల్లోకి లేచింది. అందులో ఆ క్లబ్ యజమాని, థాయిలాండ్ వ్యాపారి విచాయ్ శ్రీవద్ధనప్రభ, ఆయనతోపాటు మరో నలుగురు ఉన్నారు. నాలుగు వైపులా గ్యాలరీలు ఉన్న చోటు అది. అలాంటి చోట ఇంజన్ ఆగిపోతే దిగడానికి కిందనున్న జాగా కంటికి కనిపిస్తూ ఉండాలి. అందుకని పైలట్ పద్ధతి ప్రకారం కాస్త వెనక్కి నడుపుతూ పైకి తీసుకెళ్ళాడు. స్టేడియం కప్పు దాటింది. సుమారు 430 అడుగుల ఎత్తులో ముక్కు కుడివైపు తిరగడం మొదలైంది. ఆ తిరగడం ఆగలేదు. పైలట్ ఎడమ పెడల్ తొక్కాడు, పనిచేయలేదు. గిరగిరా తిరుగుతూ హెలికాప్టర్ స్టేడియం పక్కనే కూలి తగలబడింది. ఐదుగురూ చనిపోయారు.

బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం ఐదేళ్ళు శోధించి 2023లో తుది నివేదిక ఇచ్చింది. పైలట్ తప్పు చేయలేదని తేల్చింది. అతను వెంటనే స్పందించాడు, చేయవలసిన పనే చేశాడు. అయినా ఆ ఎత్తులో, ఆ వేగంలో హెలికాప్టర్‌ను తిరిగి అదుపులోకి తేవడం సాధ్యం కాలేదు. తోక రోటర్ దెబ్బతినడం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని మొదటే ఒప్పుకోవాలి. కొన్ని సందర్భాల్లో శిక్షణ ప్రాణం నిలుపుతుంది. కొన్నిట్లో ఎంత గొప్ప పైలట్ అయినా చేయగలిగింది కొంచెమే. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడం పైలట్‌కీ ముఖ్యమే, ఇంజనీరుకీ ముఖ్యమే.

తోక చివర ఆ చిన్న పంఖా ఎందుకు? గోడకి కన్నం వేసే డ్రిల్లు బిట్టు కాంక్రీటులో ఇరుక్కుంటే చేతిలోని మిషనే తిరగబోతుంది, మణికట్టు మెలిపడుతుంది. హెలికాప్టర్‌లోనూ జరిగేది అదే. ఇంజన్ పెద్ద రోటర్‌ను ఒక వైపు తిప్పుతుంటే, న్యూటన్ మూడో నియమం ప్రకారం కింది శరీరం రెండో వైపు తిరగాలని చూస్తుంది. అమెరికా హెలికాప్టర్లలో పెద్ద రోటర్ పైనుంచి చూస్తే ఎడమకు, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి ముక్కు కుడికి పోవాలని చూస్తుంది. దాన్ని ఆపేది తోక రోటర్. దాని రెక్కల కోణాన్ని పైలట్ కాళ్ళ కింది పెడళ్ళతో మారుస్తాడు.

ఎంత బలంతో ఆపాలి? లెక్క కష్టం కాదు. నలుగురు కూర్చునే చిన్న హెలికాప్టర్‌ను తీసుకుందాం. గాల్లో కదలకుండా నిలబడినప్పుడు పెద్ద రోటర్‌కు సుమారు 150 కిలోవాట్ల శక్తి అందుతోందనీ, రోటర్ నిమిషానికి 400 చుట్లు తిరుగుతోందనీ అనుకుందాం. శక్తిని తిరిగే వేగంతో భాగిస్తే టార్క్ వస్తుంది: సుమారు 3,600 న్యూటన్-మీటర్లు. తోక రోటర్ 6 మీటర్ల దూరంలో ఉంటే అది అడ్డంగా తోయాల్సిన బలం 600 న్యూటన్లు, అంటే దాదాపు 60 కిలోల బరువు. ఓ మనిషి బరువంత తోపు, అంతే. అది లేకపోతే ఏమవుతుందో అదే లెక్కను కాస్త ముందుకు పొడిగిస్తే తెలుస్తుంది. టన్ను పైచిలుకు బరువున్న యంత్రంలో తోక తోపు ఒక్కసారిగా పోతే మొదటి సెకనులో ముక్కు 50 డిగ్రీలకు పైగా పక్కకి జరుగుతుంది. రెండో సెకను ముగిసేసరికి అర చుట్టు దాటిపోతుంది. మూడో సెకనులో పైలట్‌కు దిక్కు తెలియదు.

దిక్కు తెలియకపోవడంతో ఆగదు. తిరిగే యంత్రంలో మనిషి కేంద్రానికి దూరంగా కూర్చుని ఉంటాడు. ఆ కేంద్రానికి 1.5 మీటర్ల ముందు కూర్చున్న పైలట్‌ను, సెకనుకు అర చుట్టు వేగంలో అతని బరువుకు ఒకటిన్నర రెట్ల బలం బయటికి విసురుతుంది. సెకనుకు ఒక చుట్టు అయితే ఆ బలం ఆరు రెట్లు. చేతులు ముందుకు పోతాయి, తల వంగిపోతుంది. అంటే ఆలస్యమైన కొద్దీ చేయాల్సిన పని తెలిసినా చేతికి అందదు.

ఈ మాట ఎంత నిజమో 1993 అక్టోబరు 3న సోమాలియా రాజధాని మొగదిషులో కనిపించింది. రిడ్లీ స్కాట్ తీసిన సినిమా వల్ల ఆ రోజు గురించి మనలో చాలామందికి తెలుసు. అమెరికా సైనిక పైలట్ మైక్ డ్యురాంట్ నడుపుతున్న బ్లాక్ హాక్ హెలికాప్టర్ తోకకు రాకెట్ గ్రెనేడ్ తగిలింది. తగిలిన వెంటనే ఏమీ కాలేదు. హెలికాప్టర్ మామూలుగానే ఎగురుతూ స్థావరం వైపు మళ్ళింది. కాసేపటికి తోక గేర్‌బాక్సు, దానితో రోటర్ ఊడిపోయాయి. హెలికాప్టర్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు చేయాల్సింది ఇంజన్ల శక్తిని తీసేయడం. బ్లాక్ హాక్‌లో ఆ లివర్లు పైలట్ల తల మీద, కప్పుకు ఉంటాయి. బయటికి విసిరే బలానికి ఎదురుగా చెయ్యి పైకెత్తి వాటిని వెనక్కి లాగాలి. పక్క సీటులోని రేమండ్ ఫ్రాంక్ ఆ పని చేయగలిగాడు. హెలికాప్టర్ పల్టీ కొట్టకుండా నిటారుగా నేలను తాకింది. డ్యురాంట్ తొడ ఎముక విరిగింది, వెన్ను దెబ్బతింది, అయినా బతికాడు. తర్వాత నేల మీద జరిగిన కాల్పుల్లో మిగతా వాళ్ళు పోయారు. అది వేరే కథ. తోక పూర్తిగా ఊడిన హెలికాప్టర్ నిటారుగా దిగిందంటే దానికి కారణం కప్పు దాకా చేరిన ఆ చెయ్యే.

ఇంజన్ ఆపేస్తే ఎలా బతుకుతారు? తోక రోటర్ అవసరం ఉన్నదే ఇంజన్ తిప్పుతున్నందుకు. ఇంజన్ పెద్ద రోటర్‌ను తిప్పడం మానేస్తే వెనక్కి తిప్పే టార్కూ ఉండదు. తోక ఉన్నా లేకపోయినా ముక్కు దాదాపు తిన్నగా ఉంటుంది. ఇంజన్‌కూ రోటర్‌కూ మధ్య ఒక ఫ్రీవీల్ ఉంటుంది. ఇంజన్ మెల్లబడగానే అది విడిపోతుంది. కలెక్టివ్ లివర్‌ను కిందికి దించితే రెక్కల కోణం తగ్గి, కింది నుంచి వచ్చే గాలే రోటర్‌ను తిప్పుతుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. హెలికాప్టర్ వేగంగానే దిగుతుంది, కానీ అదుపులో దిగుతుంది. నేల దగ్గరికి వచ్చాక ముక్కు ఎత్తి వేగం తగ్గించి, రోటర్‌లో మిగిలిన తిరుగుడు శక్తిని ఒక్కసారిగా వాడుకుని మెల్లగా దింపుతారు. ప్రతి హెలికాప్టర్ పైలటూ ఇంజన్ ఆగితే చేయడానికి ఇది నేర్చుకుంటాడు. తోక పోయినప్పుడూ ఇదే మందు. కాకపోతే ఇక్కడ బాగా పనిచేస్తున్న ఇంజన్‌ను తన చేత్తో తనే ఆపుకోవాలి. మనసు ఒప్పుకోవడం కష్టమయ్యేది అక్కడే.

రాబిన్సన్ ఆర్44 అనే చిన్న హెలికాప్టర్ పైలట్ పుస్తకంలో ఈ సందర్భానికి రాసిన సూచనలు కొన్ని వరుసలే. ఎగురుతూ ఉండగా ముక్కు కుడికి పోయి, ఎడమ పెడల్ తొక్కినా ఆగకపోతే వెంటనే ఆటోరొటేషన్‌లోకి వెళ్ళాలి. వీలైతే 70 నాట్ల వేగం, అంటే గంటకు 130 కిలోమీటర్లు, తగ్గకుండా చూసుకోవాలి. దిగే చోటు ఎంచుకుని, థ్రాటిల్ పూర్తిగా మూసేసి, ఇంజన్ లేనట్టే దిగాలి. నేలకు దగ్గరగా నిలబడి ఉండగా తోక పోతే ఆలోచన అక్కర్లేదు: థ్రాటిల్ వెంటనే తీసేయాలి, హెలికాప్టర్‌ను కుంగనివ్వాలి, తాకబోయే ముందు కలెక్టివ్ ఎత్తి దెబ్బ మెత్తబరచాలి. ఆర్44లో థ్రాటిల్ కలెక్టివ్ లివర్ మీదే ఉంటుంది. ఎడమ చేతి మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు, కప్పు దాకా చెయ్యి చాచక్కర్లేదు.

ఆ 70 నాట్ల మాట వెనుక మంచి భౌతికశాస్త్రం ఉంది. తోక మీద నిలువుగా ఉండే రెక్కకు ముందుకు ఎగిరేటప్పుడు గాలి తగిలి ముక్కును తిన్నగా పట్టి ఉంచుతుంది. వేగం ఉన్నంతసేపు తోక రోటర్ పనిలో కొంత అదే చేస్తుంది. తక్కువ శక్తితో, తగినంత వేగంతో కొంత దూరం వెళ్ళి మంచి పొలమో మైదానమో చూసుకోవడం కూడా సాధ్యమే. వేగం తగ్గిన కొద్దీ ఆ సాయం కరిగిపోతుంది. లెస్టర్‌లో ఎత్తు 430 అడుగులే ఉంది, ముందుకు వేగం దాదాపు లేదు. నిలువు రెక్కకు గాలి లేదు, ఆటోరొటేషన్‌కు వేగం లేదు. పైలట్లు ఎక్కువగా భయపడే మూల అది.

లెస్టర్‌ను పక్కన పెడితే, ఇంతవరకు చెప్పింది తోక రోటర్ తిరగడం మానేసిన సంగతి. డ్రైవ్ షాఫ్ట్ తెగడం, గేర్‌బాక్సు పగలడం, రెక్క దేనికైనా తగిలి విరగడం ఈ కోవలోకి వస్తాయి. ఇంకో రకం ఉంది. రోటర్ బాగానే తిరుగుతూ ఉంటుంది, కానీ పెడల్‌కూ రెక్కల కోణానికీ మధ్య లంకె పోతుంది. కేబుల్ తెగుతుంది, లేదా ఏదో ఇరుక్కుంటుంది. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ 2003లో ప్రచురించిన పెద్ద అధ్యయనం ఈ రెండింటినీ వేరుచేసి చూసింది. తోక రోటర్ వైఫల్యాలు ప్రమాణాలు ఊహించిన దానికంటే చాలా ఎక్కువగా జరుగుతున్నాయని, పైలట్లకు ఇస్తున్న సలహా చాలడం లేదని చెప్పింది. నా దృష్టిలో ఆ అధ్యయనం చేసిన అసలు మేలు ఈ విడదీయడమే. ఎందుకంటే రెండు జబ్బులకూ మందు ఒకటి కాదు.

పెడల్ బిగుసుకుపోతే తొందర అక్కర్లేదు. హెలికాప్టర్ ఎగురుతూనే ఉంది. పైలట్ ఎత్తులోనే ఉండి వేగం మారుస్తూ, శక్తి మారుస్తూ ముక్కు ఎప్పుడు తిన్నగా వస్తుందో చూసుకుంటాడు. పొడవైన రన్‌వే ఉన్న చోటికి వెళతాడు. అక్కడ ఏటవాలుగా, వేగం పూర్తిగా తగ్గించకుండా దిగుతూ, విమానంలా కొంత దూరం జారుతూ ఆగుతాడు. ఈ దిగడంలో పెడళ్ళు చేయాల్సిన పనిని ఎడమ చెయ్యి చేస్తుంది. కలెక్టివ్ కాస్త ఎత్తితే టార్క్ పెరిగి ముక్కు కుడికి జరుగుతుంది. థ్రాటిల్ కాస్త తగ్గిస్తే టార్క్ తగ్గి ఎడమకు వస్తుంది. నేలకు రెండు అడుగుల ఎత్తులో, ముక్కు ఇంకా ఒక పక్కకు ఉండగా, మణికట్టును కొద్దిగా తిప్పి ముక్కును రన్‌వే గీతతో కలిపి తాకించడం చూడముచ్చటైన నైపుణ్యం.

ఇప్పుడు ఈ రెండిటినీ తారుమారు చేస్తే? పెడల్ ఇరుక్కున్నందుకు భయపడి ఇంజన్ తీసేస్తే, తీరిగ్గా రన్‌వే మీద దిగగల హెలికాప్టర్ చెట్ల మధ్య దిగాల్సి వస్తుంది. షాఫ్ట్ తెగినప్పుడు ఇరుక్కుందనుకుని శక్తి పెంచితే చుట్టు ఇంకా పెరుగుతుంది. వీటికి తోడు మూడో మారువేషం ఒకటుంది. ఏ భాగమూ చెడదు, అయినా ముక్కు హఠాత్తుగా కుడికి తిరిగిపోతుంది. తక్కువ వేగంలో, బరువుతో, కొన్ని దిక్కుల నుంచి వీచే గాలిలో తోక రోటర్‌కు సరైన గాలి అందక పట్టు తప్పుతుంది. అమెరికా సైన్యం వాడిన ఓహెచ్-58 హెలికాప్టర్లతో ఇది బాగా వెలుగులోకి వచ్చింది. 1995లో అక్కడి విమానయాన సంస్థ దీని మీద ప్రత్యేక సలహాపత్రం ఇచ్చింది. దీనికి మందు ఎడమ పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోవడం, ముక్కు వంచి వేగం పెంచుకోవడం, ఎత్తు ఉంటే శక్తి తగ్గించడం. ఇక్కడ పెడల్‌ను మధ్యలో వదిలేస్తే బాగున్న హెలికాప్టర్‌నే చేజేతులా కూల్చుకున్నట్టు.

కాబట్టి శిక్షణ అంటే ముఖ్యంగా గుర్తుపట్టే శిక్షణ. పెడల్ తొక్కితే కాలికి ఏం తెలుస్తోంది? గట్టిగా ఉందా, వదులుగా ఉండీ ఫలితం లేదా? ముక్కు ఎంత వేగంగా పోతోంది? తోక వైపు నుంచి చప్పుడు, అదురు ఏమైనా వచ్చాయా? ముక్కు కిందికి వంగిందా? తోక చివరి గేర్‌బాక్సు ఊడిపోతే వెనక బరువు తగ్గి ముక్కు వంగుతుంది. అది పెద్ద గుర్తు. ఇవన్నీ చదువుకోవచ్చు. చదివినవి అర సెకనులో గుర్తుకు రావాలంటే సాధన కావాలి.

సాధన ఎలా? హైదరాబాదు పక్కన హకీంపేటలో భారత వైమానిక దళం హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది. తరాల పైలట్లు అక్కడ చేతక్ మీద నేర్చుకున్నారు. చేతక్ ఫ్రెంచి ఆలూయెట్ నమూనా. దాని పెద్ద రోటర్ గడియారం ముల్లు దిశలోనే తిరుగుతుంది. అంటే అందులో తోక తోపు పోతే ముక్కు ఎడమకు పోతుంది, కుడి పెడల్ తొక్కాలి. మి-17 కూడా అంతే. అలాంటి వాటి మీద కాళ్ళకు అలవాటు పడిన పైలట్ తర్వాత బెల్ వంటి అమెరికా హెలికాప్టర్ నడిపితే అంతా తలకిందులు. మామూలు ఎగరడంలో కాళ్ళు తొందరగానే సర్దుకుంటాయి. భయంలో పాత అలవాటు పైకి తేలే ముప్పు ఎప్పుడూ ఉంటుంది. రకం మారినప్పుడు ఈ సాధన మళ్ళీ మొదటి నుంచి చేయించాలని నేను గట్టిగా నమ్ముతాను.

నిజం హెలికాప్టర్‌లో తోక రోటర్‌ను ఆపి చూపించలేం. దగ్గరగా వెళ్ళగలం, అంతే. శిక్షకుడు తన పాదాలతో పెడళ్ళను ఒక చోట బిగించి పట్టుకుంటాడు, శిష్యుడు కలెక్టివ్‌తో, థ్రాటిల్‌తో ముక్కు సర్దుకుంటూ రన్‌వే మీద దింపుతాడు. ఇది పెడల్ ఇరుక్కున్న సందర్భం. తిరగడం ఆగిన సందర్భానికి దగ్గరగా వచ్చేది ఇంకొకటి: నేలకు మూడు, నాలుగు అడుగుల ఎత్తులో నిలబడి ఉండగా శిక్షకుడు థ్రాటిల్ తీసేస్తాడు. శిష్యుడు కంగారుపడకుండా కుంగనిచ్చి, చివర్లో కలెక్టివ్ ఎత్తి దింపాలి. అసలు ఇంజన్ వైఫల్యం కోసం పెట్టిన పాఠం ఇది. తోక పోయినప్పుడు కూడా చేతులు చేయాల్సింది అదే. తేడా ఒకటే, ఆ రోజు థ్రాటిల్ తీసేది శిక్షకుడు కాదు, తనే. అందుకే కొందరు శిక్షకులు శిష్యుడి చేతే థ్రాటిల్ తీయిస్తారు. అది చాలా మంచి పద్ధతి.

మిగతాది సిమ్యులేటర్ పని. నిజంగా చేయలేని వాటిని అక్కడ వంద సార్లు చేయవచ్చు. దానికీ హద్దులున్నాయి. ఆరు కాళ్ళ మీద నిలబడే ఆ గది వంగగలదు, ఊగగలదు, పక్కకి జరగగలదు, ఆపకుండా గిరగిరా తిరగలేదు. కిటికీలోని బొమ్మ తిరుగుతుంది, శరీరానికి మాత్రం ఆ విసురు తెలియదు. సెకనుకు ఒక చుట్టు వేగంలో నిజం హెలికాప్టర్ ఎలా ప్రవర్తిస్తుందో కొలిచిన వివరాలు తక్కువ కాబట్టి కంప్యూటర్ చూపేది చాలావరకు అంచనా. అన్నిటినీ మించి, సిమ్యులేటర్‌లోకి వెళ్ళిన మనిషికి ఈ రోజు ఏదో ఒకటి చెడుతుందని ముందే తెలుసు. అసలైన రోజున ఆ హెచ్చరిక ఉండదు.

అందువల్ల భారమంతా పైలట్ల మీద వేయడం న్యాయం కాదు. లెస్టర్ ప్రమాదానికి మూలం తోకలోని ఒక బేరింగు. బేరింగు లోపల అరిగి బిగుసుకుపోయింది, దాంతో తిరగకూడని కడ్డీ తిరిగింది, లంకె ఊడిపోయింది, రెక్కల కోణం చివరి హద్దుకు పోయింది. పెడల్ ఎంత తొక్కినా కబురు తోకకు చేరలేదు. ఎగిరే పరీక్షల్లో కొలిచిన భారాల వివరాలు బేరింగు తయారీదారు దాకా వెళ్ళలేదనీ, వాడి తీసేసిన బేరింగులను విప్పి చూసే పద్ధతి లేదనీ నివేదిక రాసింది. వాడి తీసేసిన బేరింగును విప్పి చూడటం ఏ లెక్కన చూసినా చవకైన పని. మన ధ్రువ్ హెలికాప్టర్లను కూడా 2005 చివర్లో తోక రోటర్ రెక్కల సమస్య వచ్చాక కొంతకాలం ఎగరకుండా ఆపి సరిచేశారు. ఆపడం సరైన పని.

తోక రోటర్‌నే మార్చే ప్రయత్నాలు కూడా జరిగాయి. 1968లో ఫ్రెంచివాళ్ళు గజెల్ హెలికాప్టర్ తోకలో గుండ్రటి గూడు చేసి రోటర్‌ను అందులో దాచారు. అమెరికాలో ఎండీ 520ఎన్‌లో రోటర్ తీసేసి తోక గొట్టంలోంచి గాలి ఊదించారు. విశాఖపట్నం ఐఎన్ఎస్ డేగా నుంచి ఎగిరిన నౌకాదళం కమోవ్-28లలో తోక రోటరే లేదు. ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా తిరిగే రెండు పెద్ద రోటర్లు ఒకదాని టార్క్‌ను మరొకటి రద్దు చేసుకుంటాయి. ప్రతి పద్ధతికీ బరువో, ధరో, చిక్కుదనమో ఉంది కాబట్టి, 1939 సెప్టెంబరు 14న సికోర్‌స్కీ తన వీఎస్-300ను తాళ్ళు కట్టి లేపిన నాటి నుంచి వచ్చిన ఈ చిన్న పంఖాయే నేటికీ ఎక్కువ హెలికాప్టర్లకు ఉంది.

ఇందులో మన పని కూడా ఒకటుంది. ఎన్నికలొస్తే బడి మైదానాల్లో, పొలాల్లో రాత్రికి రాత్రి హెలిప్యాడ్‌లు వెలుస్తాయి. హెలికాప్టర్ దిగేటప్పుడు పైనుంచి వచ్చే గాలికి ప్లాస్టిక్ కవర్లు, జెండాలు, చిరిగిన ఫ్లెక్సీలు, కండువాలు లేస్తాయి. చిన్న హెలికాప్టర్లలో తోక రోటర్ నిమిషానికి రెండు వేల చుట్లకు పైగా తిరుగుతుంది. అందులోకి వెళ్ళిన గుడ్డ ముక్క చాలు, ఈ అధ్యాయంలో చెప్పినదంతా మొదలవడానికి. తిరిగే ఆ రోటర్ కంటికి కనపడదు, చాలా హెలికాప్టర్లలో అది మనిషి తలకు అందే ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి హెలిప్యాడ్ దగ్గర నిలబడే ప్రతి ఒక్కరికీ నా విన్నపం: దిగే చోట ఎగిరే వస్తువు ఒక్కటి కూడా వదలకండి, రోటర్లు పూర్తిగా ఆగేదాకా హద్దుగా కట్టిన తాడు దాటకండి, తోక వైపు ఎప్పుడూ వెళ్ళకండి. దగ్గరికి వెళ్ళాల్సి వస్తే పైలట్ మిమ్మల్ని చూసి సైగ చేశాక, ఎదుటి నుంచి మాత్రమే వెళ్ళండి.